నీల్ ద్వీపం తీరాలు: పాటు వేళ ఒకటి, పోటు వేళ మరొకటి

గత సంచికలో అండమాన్‌లోని నీల్ ద్వీపం గురించి క్లుప్తంగా రాస్తూ, ఐదారు కిలోమీటర్ల పొడవున్న ఆ చిన్న దీవిలో భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్, రామ్‌నగర్ అనే ఊళ్ళ పేర్లతోనే చూడదగిన సముద్రతీరాలు ఉన్నాయని మాత్రం చెప్పి ఊరుకున్నాను. ఆ తరువాత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ తీరాలను గురించినవే కాబట్టి, ఈసారి ఈ శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మేము నిరుడు డిసెంబరులో నీల్ వెళ్ళాము. లక్ష్మణ్‌పూర్ దగ్గర సముద్రంలో ఉన్న రాతి వంతెనను చూద్దామని మధ్యాహ్నం భోజనం చేసి తీరుబడిగా బయలుదేరితే, మోకాళ్ళు దాటిన నీళ్ళు, కాలు నిలవని రాళ్ళు ఎదురై వెనక్కి తిరిగి రావలసి వచ్చింది. అదే రోజు ఉదయం వెళ్ళిన మరొక కుటుంబం వంతెన కిందనే నిలబడి ఫొటోలు తీసుకున్నారట. మళ్ళీ వెళ్ళే ఆలోచనలో ఉన్నాము. ఏ వేళకు వెళ్ళాలో చెప్పగలరా? (కాకినాడ నుంచి ఒక ఉపాధ్యాయిని)

జవాబు: మీరు ఆలస్యంగా వెళ్ళలేదు, సముద్రం పోటు మీద ఉన్న సమయంలో వెళ్ళారు. నీల్ తీరాన్ని చూడదలచినవారు అన్నిటికంటే ముందు తెలుసుకోవలసిన విషయం ఇదే కాబట్టి దీనికి కొంచెం వివరంగా జవాబు రాస్తాను.

మీ ప్రాంతపు మత్స్యకారులు పోటు, పాటు అనే రెండు మాటలు వాడతారు. నీరు ఒడ్డు మీదికి ఎక్కడం పోటు, వెనక్కి తీయడం పాటు. మన తీరంలోలాగే అండమాన్‌లో కూడా రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. చంద్రుడు మళ్ళీ అదే చోటికి వచ్చినట్లు మనకు కనిపించడానికి సుమారు 24 గంటల 50 నిమిషాలు పడుతుంది కనుక, ఒక పాటుకూ తరువాతి పాటుకూ మధ్య 12 గంటల 25 నిమిషాల ఎడం ఉంటుంది. ఉదయం 7 గంటలకు నీరు పూర్తిగా తీసిందంటే మధ్యాహ్నం ఒంటి గంట దాటాక నిండు పోటు, రాత్రి ఏడున్నరకు మళ్ళీ పాటు, మర్నాడు ఉదయం పాటు 8 గంటలకు కాస్త ముందు వస్తాయి. మీరు వెళ్ళిన రోజున ఆ రెండవ కుటుంబం ఉదయపు పాటుకు వెళ్ళి ఉంటారు, మీరు దాని వెంట వచ్చిన పోటుకు వెళ్ళారు.

కాకినాడలో పోటుకూ పాటుకూ మధ్య తేడా అంత కొట్టొచ్చినట్లు కనిపించదే అని మీకు సందేహం రావచ్చు. అండమాన్‌లో నీటిమట్టం అమావాస్య, పౌర్ణముల సమయంలో రెండు మీటర్లకు అటూ ఇటూ మారుతుంది. ఏటవాలు ఇసుక ఒడ్డు మీద ఆ రెండు మీటర్లు కొద్ది బారల దూరంలోనే తేలిపోతాయి. లక్ష్మణ్‌పూర్‌లో ఒడ్డును ఆనుకొని ఉన్నది ఇసుక వాలు కాదు, అరుగులాగా చదునుగా పరచుకొన్న రాతి నేల. అటువంటి నేల మీద నీరు రెండు మీటర్లు దిగితే విశాలమైన మైదానమొకటి బయటపడుతుంది, రెండు మీటర్లు ఎక్కితే ఆ మైదానమంతా మాయమవుతుంది. మీరు చూడబోయిన వంతెన ఆ మైదానపు అంచున, కొండచరియను ఆనుకొని ఉంది. అలలు తరతరాలుగా చరియ అడుగును తొలిచి, మెత్తని భాగాన్ని కొట్టుకొనిపోగా గట్టిగా ఉన్న పైభాగం కమానులాగా నిలిచింది. ద్వీపంలో స్థిరపడిన బెంగాలీలు దానిని ముద్దుగా హౌరా బ్రిడ్జి అంటారు. స్కూటరు నడిపేవారిని రాతి వంతెన ఎక్కడని అడిగితే ఆ పేరే చెప్పి దారి చూపిస్తారు.

వంతెన వరకూ వెళ్ళి తిరిగి రావడానికే కాక, దారిలోని నీటి గుంటలను చూడడానికి సమయం ఉంచుకోవాలని నా కోరిక. పాటు వేళ రాళ్ళ మధ్య నిలిచిపోయిన ఆ గుంటలు ఒక్కొక్కటీ ఒక చిన్న సముద్రం. నల్లగా, మెత్తగా కదలకుండా పడి ఉండే సముద్ర దోసకాయలు, సందులలో నుంచి సన్నని చేతులు మాత్రం బయటకు చాచే నక్షత్ర జీవులు, ఖాళీ గవ్వను ఇల్లుగా చేసుకొని దానినే వీపున మోసుకొని తిరిగే పీతలు, నీలిరంగు పెదవులు తెరచుకొని కూర్చున్న పెద్ద ఆల్చిప్పలు కనిపిస్తాయి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు నేరుగా వంతెన దగ్గరకు నడిచిపోయాను. రెండవసారి స్థానికుడైన ఒక కుర్రవాడిని వెంట తీసుకొని వెళ్ళాను. అతడు ప్రతి గుంట దగ్గరా ఆగి, నేను రాయి అనుకొని దాటిపోబోయినదానిని వేలితో తాకకుండానే చూపించి, అది ప్రాణి అని చెప్పాడు. అటువంటి కుర్రవాళ్ళు అక్కడే మెట్ల దగ్గర ఉంటారు. వారికిచ్చే కొద్దిపాటి డబ్బు వృథా కాదని గట్టిగా చెప్పగలను.

మీరు మళ్ళీ వెళ్ళేటప్పుడు టికెట్లు తీసుకోవడానికి ముందే పంచాంగం చూడండి. పౌర్ణమి, అమావాస్యల తరువాత ఒకటి రెండు రోజులు, అంటే పాడ్యమి, విదియలలో నీరు అన్నిటికంటే ఎక్కువగా తీస్తుంది. అష్టమి ప్రాంతాలలో పోటూ పాటూ రెండూ మందంగా ఉంటాయి కనుక, పాటు వేళకు వెళ్ళినా రాతి నేల సగమే బయటపడవచ్చు. తిథిని బట్టి రోజును నిర్ణయించుకొన్న తరువాత, గంటల లెక్కను పోర్ట్ బ్లెయిర్ పోటుపాట్ల పట్టికలో చూడండి. ఫోన్లలో కూడా అది దొరుకుతుంది, బస చేసిన చోట అడిగినా చెబుతారు. పాటు పూర్తి కావడానికి గంటన్నర ముందు నడక మొదలుపెట్టి, పాటు దాటిన గంటలోపు ఒడ్డుకు చేరుకోండి. నీరు మొదట్లో నెమ్మదిగా ఎక్కుతుంది, రెండవ గంట దాటాక వేగం పుంజుకుంటుంది. ఆ నెమ్మదిని నమ్మి నిలబడినవారే రాళ్ళ మధ్య చిక్కుకుంటారు.

ప్రశ్న: మాకు అక్కడ రెండు రాత్రులే. తీరాలన్నీ చూడాలంటే ఏది ఏ వేళకు పెట్టుకోవాలి? సూర్యోదయం, సూర్యాస్తమయం రెండూ చూడాలని మా వారి కోరిక. (గుంటూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ముందుగా మీ గడియారాన్ని సరిచూసుకోవాలి. అంటే ముల్లును తిప్పమని కాదు, మీ అలవాటును మార్చుకోమని. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మన కాకినాడ సమీపం నుంచే పోతుంది. నీల్ ద్వీపం 93 డిగ్రీల రేఖాంశం మీద ఉంది. ఆ పదిన్నర డిగ్రీల తేడా వలన సూర్యుడు అక్కడ కాకినాడ కంటే సుమారు 40 నిమిషాలు ముందుగా నడుస్తాడు, గడియారం మాత్రం అదే. డిసెంబరులో ఉదయం ఐదున్నరకు తెల్లవారి, సాయంత్రం 5 గంటలకు సూర్యుడు అస్తమిస్తాడు. మే నెలలో ఉదయం 5 గంటలకే సూర్యోదయం. సాయంత్రం టీ తాగి 5 గంటలకు బయలుదేరుదామనుకొనేవారికి డిసెంబరులో చీకటి తప్ప ఏమీ దొరకదు.

సీతాపూర్ ద్వీపానికి తూర్పు కొనన ఉంది. జెట్టీ నుంచి సుమారు ఐదు కిలోమీటర్లు, స్కూటరు మీద పావుగంట ప్రయాణం. అక్కడ సూర్యోదయానికి ముందే చేరుకోండి. అది తెరచి ఉన్న తీరం కావడం వలన అలలు బలంగా ఉంటాయి, అక్కడ ఈతకు దిగకండి. లక్ష్మణ్‌పూర్‌లో రెండు తీరాలున్నాయి. ఒకటి సూర్యాస్తమయానికి పేరుపడిన వెడల్పాటి తెల్లని ఇసుక తీరం, రెండవది పైన చెప్పిన రాతి వంతెన ఉన్న తీరం. మొదటిదానికి సాయంత్రం నాలుగింటికి వెళ్ళి ఒడ్డు వెంబడి నడవండి. భరత్‌పూర్ జెట్టీకి నడక దూరంలోనే ఉంది. పడవలు, స్నార్కెలింగ్ (గొట్టంతో గాలి పీలుస్తూ నీటిపై తేలుతూ కిందికి చూడడం), అద్దపు అడుగు ఉన్న పడవలలో పగడాలను చూపించడం అన్నీ అక్కడే. దానికి మాత్రం నీరు నిండుగా ఉన్న వేళ కావాలి, ఎందుకంటే పాటు వేళ పగడాల మీద నీరు చాలక పడవలు తిరగలేవు. రాతి వంతెనకు పాటు, భరత్‌పూర్‌కు పోటు అని గుర్తు పెట్టుకొంటే, ఒకే పగటిలో ఆరు గంటల తేడాతో రెండూ చూడవచ్చు.

రామ్‌నగర్‌కు జనం తక్కువ వెళతారు. మిగిలినవి చూసిన తరువాత సమయం చిక్కితే ఒక గంట అక్కడ ఊరికే కూర్చోండి.

ప్రశ్న: విశాఖపట్నం నుంచి ఓడలో వెళ్ళవచ్చా? అక్కడ తెలుగువారు ఉంటారా? (శ్రీకాకుళం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ప్రయాణికుల ఓడ ఉంది, కానీ తరచుగా లేదు. రెండు మూడు రోజుల ప్రయాణం, తేదీలు మారుతూ ఉంటాయి. సెలవులు లెక్కపెట్టుకొని వెళ్ళేవారికి విమానమే మేలు. పోర్ట్ బ్లెయిర్ పేరును 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని మార్చారు, టికెట్ల మీద రెండు పేర్లూ కనిపించవచ్చు. అక్కడి నుంచి నీల్‌కు ప్రభుత్వ ఫెర్రీలో సుమారు రెండు గంటలు, ప్రైవేటు ఫెర్రీలలో అంతకంటే తక్కువ పడుతుంది. భారతీయులకు ప్రత్యేకమైన అనుమతి పత్రం అవసరం లేదు, గుర్తింపు కార్డు చాలు. గాలివాన పట్టినప్పుడు ఫెర్రీలు ఆగిపోతాయి కనుక తిరుగు విమానానికి ముందు రోజుకు పోర్ట్ బ్లెయిర్ చేరుకొనేలా చూసుకోండి. మే చివర నుంచి వర్షాలు మొదలవుతాయి, జనవరి నుంచి ఏప్రిల్ వరకు సముద్రం ప్రశాంతంగా ఉంటుంది.

ఇక తెలుగువారి సంగతి. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. పోర్ట్ బ్లెయిర్ బజారులోనూ రేవులోనూ ఉత్తరాంధ్ర యాసలో మాటలు వినిపిస్తాయి. మీ జిల్లా మాటే మీ చెవిన పడితే ఆశ్చర్యపోవద్దు. నీల్‌లో మాత్రం బెంగాలీలే అధికం. హిందీ అందరికీ వస్తుంది.

ప్రశ్న: రామాయణంలోని పేర్లన్నీ ఒక్క దీవిలోనే ఎలా చేరాయి? ఆ దీవిని కొందరు నీల్ అనీ కొందరు షహీద్ ద్వీప్ అనీ అంటున్నారెందుకు? (వరంగల్ నుంచి ఒక విశ్రాంత అధ్యాపకుడు)

జవాబు: మీరు అడిగినది పేర్ల సంగతే అయినా అందులో మూడు కాలాల చరిత్ర ఉంది.

అండమాన్‌కు తూర్పున ఉన్న ఆ దీవుల గుంపులో చాలావాటికి బ్రిటిష్‌వారు 1857 తిరుగుబాటును అణచివేసిన తమ అధికారుల పేర్లు పెట్టారు. హేవ్‌లాక్, ఔట్రమ్, లారెన్స్ పేర్లు అటువంటివే. నీల్ అన్నది జేమ్స్ నీల్ పేరు. అతడు మద్రాసు సైన్యానికి చెందిన యూరోపియన్ దళానికి అధికారిగా ఉత్తరాదికి వెళ్ళి, అలహాబాదులోనూ కాన్పూరులోనూ విచక్షణ లేకుండా ఉరిశిక్షలు వేయించాడు. 1857 సెప్టెంబరులో లక్నోలో చనిపోయాడు. మద్రాసు మౌంట్ రోడ్డులో అతడి విగ్రహాన్ని నిలబెట్టారు. ఆ విగ్రహాన్ని తొలగించాలని 1927లో సత్యాగ్రహం జరిగింది. 1937లో రాజాజీ ప్రభుత్వం వచ్చాక దానిని రోడ్డు మీద నుంచి తీసివేసి మ్యూజియానికి తరలించారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పటికి మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి కనుక, అది మన పెద్దలు ఎరిగిన చరిత్ర. విగ్రహం తొలగిపోయిన తరువాత కూడా ఎనభై ఏళ్ళపాటు ఆ పేరు ఈ దీవి మీద ఉండిపోయింది.

1943 డిసెంబరు 30న సుభాష్ చంద్రబోస్ పోర్ట్ బ్లెయిర్‌లో త్రివర్ణ పతాకం ఎగురవేశారు. అండమాన్‌కు షహీద్, నికోబార్‌కు స్వరాజ్ అనే పేర్లు ఆయన సూచించినవే. సరిగ్గా 75 ఏళ్ళకు, 2018 డిసెంబరు 30న, నీల్‌ను షహీద్ ద్వీప్‌గా, హేవ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్‌గా కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. వాడుకలో పాత పేరు ఇంకా పోలేదు. పాఠకులకు సులభంగా తెలుస్తుందని నేనూ ఇక్కడ అదే వాడుతున్నాను, కానీ ఆ పేరు ఎవరిదో తెలిసిన తరువాత కొత్త పేరును అలవాటు చేసుకోవడమే న్యాయమని నా అభిప్రాయం.

ఇక రామాయణపు పేర్లు. దేశ విభజన తరువాత తూర్పు బెంగాల్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన కుటుంబాలకు అండమాన్‌లో భూములిచ్చి స్థిరపరిచారు. 1960 దశకంలో నీల్‌కు వచ్చినవారు అడవిని కొట్టి పొలాలు చేసుకొని కొత్త ఊళ్ళు కట్టుకున్నారు. ఆ ఊళ్ళకు రామ, లక్ష్మణ, భరత, సీతల పేర్లు నిలిచాయి. ఉన్న ఊరిని పోగొట్టుకొని, సముద్రం దాటి వచ్చి, అడవిలో కాపురం మొదలుపెట్టిన వారి ఊళ్ళకు వనవాసపు కథలోని పేర్లు రావడం చూసినప్పుడు నా మనసు కదిలింది. ఈరోజు పోర్ట్ బ్లెయిర్‌కు కూరగాయలు అందించే దీవులలో నీల్ ముఖ్యమైనది. తీరానికి వెళ్ళే దారి పొడవునా అరటి తోటలు, వరి చేలు, కూరగాయల మళ్ళు కనిపిస్తాయి. శాకాహారం దొరుకుతుందా అని రాజమహేంద్రవరం నుంచి అడిగిన పాఠకురాలికి కూడా ఇదే జవాబు.

ప్రశ్న: మా అత్తయ్యగారికి, మామయ్యగారికి డెబ్బై దాటాయి. పిల్లలు ఆరు, పది ఏళ్ళవారు. అందరమూ నీళ్ళలో దిగగలిగిన తీరం ఏది? మొసళ్ళుంటాయని విన్నాము, నిజమేనా? (హైదరాబాదు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీ కుటుంబానికి భరత్‌పూర్ తగినది. తీరానికి అడ్డుగా పగడపు దిబ్బ ఉండడం వలన అలల జోరు దాని మీదనే తగ్గిపోయి, లోపల నీరు తక్కువ లోతులో చెరువులాగా ఉంటుంది. నేలమీద ఇసుక ఉన్న చోటనే దిగండి. పగడాలున్న చోట పాదం పెడితే మీ కాలూ తెగుతుంది, ఆ ప్రాణీ చస్తుంది. మామయ్యగారిని, అత్తయ్యగారిని రాతి వంతెన దగ్గరకు తీసుకొనిపోవద్దు. నాచు పట్టిన ఎగుడుదిగుడు రాళ్ళ మీద పది పదిహేను నిమిషాలు నడవాలి, మోకాళ్ళ నొప్పులున్నవారికి అది ప్రమాదం. వారిని సాయంత్రం లక్ష్మణ్‌పూర్ ఇసుక తీరానికి తీసుకొని వెళ్ళండి.

ఉప్పునీటి మొసళ్ళు అండమాన్‌లో ఉన్న మాట నిజం. అవి ప్రధానంగా మడ అడవులలో, కాలువలు సముద్రంలో కలిసే చోట ఉంటాయి. అయినా అప్పుడప్పుడు తీరాలకు ఈదుకొని వస్తాయి. 2010లో పక్కనే ఉన్న హేవ్‌లాక్‌లో ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో మరణించారు. భయంతో ప్రయాణం మానుకోనవసరం లేదు, కానీ హెచ్చరిక బోర్డు ఉన్న చోట, మడ చెట్లున్న చోట, చీకటి పడ్డాక, ఎవరూ లేని తీరంలో నీళ్ళలోకి దిగకూడదు. అక్కడ ఉన్న లైఫ్‌గార్డు వద్దంటే మారుమాట లేకుండా వెనక్కి రండి.

పిల్లల కాళ్ళకు పట్టు ఉన్న చెప్పులు తప్పనిసరి, రబ్బరు స్లిప్పర్లు పనికిరావు. శంకువు ఆకారంలో ఉండి చక్కని గీతలున్న గవ్వ దొరికితే ముట్టుకోవద్దని వారికి ముందే చెప్పండి. కోన్ నత్త అనే ఆ ప్రాణి విషపు ముల్లుతో కుడుతుంది, కొన్ని జాతుల కాటు మనిషి ప్రాణం తీయగలదు. సాయంత్రం వేళ ఇసుకలో కంటికి కనిపించనంత చిన్న పురుగులు కుట్టి రోజుల తరబడి దురద పెడతాయి. అందుకు వంటికి కొబ్బరినూనె రాసుకోవడం అక్కడివారి అలవాటు.

ప్రశ్న: సూర్యలంక తీరంలో మా పిల్లలు ఎప్పుడూ గవ్వలు ఏరుకుంటారు. నీల్‌లో తెల్లని పగడపు ముక్కలు కుప్పలుగా ఉంటాయట. చచ్చినవే కదా, నాలుగు తెచ్చుకొంటే తప్పేముంది? (బాపట్ల నుంచి ఒక పాఠకుడు) మా తీరపు ఇసుక ఎరుపు నలుపుల్లో ఉంటే అక్కడిది పాలలాగా ఎందుకుంటుందని మా తొమ్మిదో తరగతి అమ్మాయి అడుగుతోంది. (భీమునిపట్నం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట ఉంది. అమ్మాయి ప్రశ్నతో మొదలుపెడతాను.

మన తీరపు ఇసుక కొండల నుంచి నదులు మోసుకొని వచ్చినది. తూర్పు కనుమల రాళ్ళు అరిగి పలుగురాతి రేణువులు, ఎర్రని గార్నెట్, నల్లని ఇల్మెనైట్ అనే ఖనిజాలు కలిసి భీమిలి ఒడ్డున చేరాయి. నీల్‌లో నది లేదు. అక్కడి తెల్లని ఇసుకలో అధిక భాగం ఒకప్పటి ప్రాణుల శరీరం. పగడపు పురుగు సముద్రపు నీటిలోని సున్నాన్ని తీసుకొని తన చుట్టూ గూడు కట్టుకుంటుంది. చిలుక ముక్కులాంటి నోరున్న చేపలు ఆ గూళ్ళ మీది నాచును కొరికి, దానితోపాటు మింగిన సున్నాన్ని పొడి చేసి విసర్జిస్తాయి. అలలు విరిగిన పగడాలనూ గవ్వలనూ నూరతాయి. వేల సంవత్సరాలుగా అలా పోగైన సున్నపు పొడి మీదనే మీరు నడిచేది. గోదావరి, కృష్ణా నదులు తెచ్చే ఒండ్రు నీటిని బురదమయం చేసి వెలుగును అడ్డుకుంటుంది కాబట్టి మన తీరంలో అటువంటి పగడపు దిబ్బలు ఏర్పడలేదు. పగడానికి వెలుగు కావాలి, ఎందుకంటే దాని కణాలలో కాపురం ఉండే సూక్ష్మమైన నాచే సూర్యకాంతితో దానికి ఆహారం వండి పెడుతుంది. పగడానికి రంగునిచ్చేది కూడా ఆ నాచే. నీరు మామూలు కంటే కొద్దిగా వేడెక్కి చాలా రోజులు అలాగే ఉంటే పగడం ఆ నాచును బయటకు వెళ్ళగొట్టి తెల్లబడిపోతుంది, త్వరగా చల్లబడకపోతే ఆకలితో చస్తుంది. 2010 వేసవిలో అండమాన్ పగడాలు ఆ విధంగా పెద్ద ఎత్తున తెల్లబడ్డాయి.

బాపట్ల పాఠకులు చూడబోయే కుప్పలు అలా పోయినవీ, తుపానులకు విరిగినవీ. ముందుగా చట్టం మాట: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో, అంటే పులికి ఉన్న వరుసలోనే, రాతి పగడాలను చేర్చారు. చచ్చిన ముక్క అయినా తీసుకొని రావడం నేరమే. పోర్ట్ బ్లెయిర్ విమానాశ్రయంలో సామాను తనిఖీలో పగడాలు, గవ్వలు కనిపిస్తే తీయించి వేస్తారు. పిల్లలు మూడు రోజులు మురిసిపోయిన గవ్వల సంచీని అక్కడ ఖాళీ చేయించడం చూసినప్పుడు నాకు బాధ కలిగింది. వారికి ముందే చెప్పి ఉంటే ఆ పరిస్థితి రాదు.

చట్టం మాట పక్కన పెట్టినా, ఆ ముక్కలకు అక్కడ పని ఉంది. ఒడ్డున పడిన పగడం రేపటి ఇసుక, ఖాళీ గవ్వ రేపు ఏదో ఒక పీతకు ఇల్లు. ఆ పీతలకు తమంతట తాము గవ్వను తయారు చేసుకొనే శక్తి లేదు, పెరిగే కొద్దీ పెద్ద గవ్వను వెతుక్కోవలసిందే. గవ్వ దొరకక ప్లాస్టిక్ మూతలో దూరి తిరుగుతున్న పీతను చూసినవారెవరూ మళ్ళీ గవ్వ ఏరుకోరు. బండలాగా పెరిగే పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు ప్రాంతంలో మాత్రమే పెరుగుతుంది. మీ అరచేతిలో ఇమిడే ముక్క ఒక పిల్లవాడి చదువు పూర్తయ్యేంత కాలం పెరిగిన ప్రాణి. పిల్లలను గవ్వలు ఏరుకోనివ్వండి, వాటిని ఇసుక మీద వరుసగా పేర్చి ఫొటో తీయండి, ఆ తరువాత ఎక్కడివి అక్కడ వదిలేయండి. నీళ్ళలో దిగే ముందు వంటికి రాసుకొనే సన్‌స్క్రీన్‌లలోని కొన్ని రసాయనాలు పగడానికి హాని చేస్తాయి. నిండు చేతుల చొక్కా అంతకంటే మేలైన రక్షణ.

ప్రశ్న: దీవి అంత చిన్నదైతే, తీరం వెంబడే నడిచి ఒక రోజులో చుట్టి రావచ్చు కదా? మేము నలుగురం స్నేహితులం, నడక మాకు అలవాటే. (తిరుపతి నుంచి ఒక విద్యార్థి)

జవాబు: పటం మీద చూస్తే అలాగే అనిపిస్తుంది. కానీ ఆ తీరం ఆసాంతం ఇసుక కాదు. ఒక ఇసుక తీరానికీ మరొకదానికీ మధ్య రాతి చరియలు, వాటి మీదికి వంగిన అడవి, మడ చెట్లు ఉన్నాయి. కొన్ని చోట్ల పాటు వేళ మాత్రమే చరియ కింద నుంచి నడవగలరు. అటువంటి చోట్ల సగం దూరం వెళ్ళాక పోటు వస్తే ముందుకూ వెనక్కూ దారి ఉండదు, పైకి ఎక్కడానికి చరియ ఒప్పుకోదు. ఫోన్ సిగ్నల్ మీద కూడా ఆధారపడవద్దు. తిరుమల మెట్లు ఎన్నిసార్లు ఎక్కిన కాళ్ళకైనా ఆ రాళ్ళు కొత్తవే.

మీ ఉత్సాహాన్ని కాదనను, దానికి మరొక దారి చెబుతాను. జెట్టీ దగ్గర సైకిళ్ళు అద్దెకు దొరుకుతాయి. దీవి రోడ్లు దాదాపు చదునైనవి, వాహనాలు తక్కువ. చీకటితోనే సీతాపూర్ వెళ్ళి సూర్యోదయం చూసి, రామ్‌నగర్ మీదుగా ఊళ్ళ మధ్య నుంచి తిరిగి రండి. ఒక్కొక్క తీరం దగ్గర సైకిలు దిగి, ఇసుక ఉన్నంత మేర ఒడ్డు వెంబడి నడిచి, రాళ్ళు మొదలైన చోట ఆగి వెనక్కి రండి. పాటు పగటిపూట ఏ వేళకు వస్తే ఆ వేళకు రాతి వంతెన దగ్గర ఉండేలా మిగిలిన తీరాల వరుసను మార్చుకోండి. మంచినీళ్ళు వెంట ఉంచుకోండి, ఖాళీ సీసాలను తిరిగి పోర్ట్ బ్లెయిర్‌కు తెచ్చేయండి, ఎందుకంటే ఆ చిన్న దీవిలో చెత్త వేయడానికి వేరే చోటు లేదు. వంతెన కింద నిలబడినప్పుడు, కాలి దగ్గరి గుంటలోకి మొదటి అల వచ్చి చేరడం చూసిన వెంటనే మాటలు ఆపి ఒడ్డు వైపు నడక మొదలుపెట్టండి.